కట్టూ బొట్టూ చూసి ఆస్కార్ జోస్యం

ఉత్తమ నటుడెవరో, ఉత్తమ చిత్రమేదో ఊహించడానికి అందరూ ముందుంటారు. కాస్ట్యూమ్ డిజైన్ దగ్గరికొచ్చేసరికి చాలామంది ఏదో ఒక పేరు గాల్లోకి విసిరేసి ఊరుకుంటారు. నిజానికి కాస్త లెక్క తెలిస్తే పట్టు చిక్కే అవార్డుల్లో ఇదొకటి. పాతికేళ్ల ఫలితాలు పక్కపక్కన పరిచి చూస్తే, ఓటేసేవాళ్ల మనసు ఎటు మొగ్గుతుందో బట్టల్లోంచే తెలిసిపోతుంది.

1983 ఏప్రిల్ 11. లాస్ ఏంజిలెస్‌లో ఆస్కార్ వేడుక జరిగే డొరొతీ ఛాండ్లర్ పెవిలియన్‌కి బయల్దేరిన కారులో కాస్ట్యూమ్ డిజైనర్ భాను అతయ్యా ఉన్నారు. పక్కన ‘గాంధీ’ సినిమా రచయిత. అవార్డు ఆమెకే వస్తుందనిపిస్తోందని ఆయన దారిలోనే చెప్పేశాడు. హాల్లోకి వెళ్లాక మరీ వింత. ఆమెతో పోటీపడుతున్న డిజైనర్లే అదే మాట అన్నారు. అంత గట్టిగా ఎలా చెబుతున్నారని భాను అడిగితే, మీ సినిమా విస్తృతి ముందు మేం నిలవలేమన్నారట. తర్వాతి రోజుల్లో ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న ముచ్చట ఇది.

వాళ్ల జోస్యం తప్పలేదు. బ్రిటిష్ డిజైనర్ జాన్ మోలోతో కలిసి ఆమె ఆస్కార్ అందుకున్నారు. ఓ భారతీయ వ్యక్తికి దక్కిన తొలి ఆస్కార్ అదే. కొల్హాపూర్‌లో పుట్టి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో బొమ్మలు వేయడం నేర్చుకుని, ‘సీఐడీ’, ‘ప్యాసా’ సినిమాలకు బట్టలు సిద్ధం చేసిన మనిషి ఆమె. వేదిక మీద నాలుగు మాటల్లోనే ముగించారు. ప్రపంచం దృష్టిని భారతదేశం వైపు తిప్పినందుకు దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరోకి కృతజ్ఞతలు చెప్పారు.

ఆ పోటీదారులు అన్న మాటను ఒకసారి తరచి చూడాలి. మీ కుట్టు గొప్పదనో, మీ రంగులు బాగున్నాయనో వాళ్లు అనలేదు. విస్తృతి అన్నారు. ఆ ఏడాది బరిలో ఉన్నవి చిన్న సినిమాలేమీ కావు. ‘లా ట్రావియాటా’లో సంగీత నాటకపు పట్టుగౌన్లు, ‘విక్టర్/విక్టోరియా’లో 1930ల పారిస్ క్యాబరే తళుకులు, ‘ట్రాన్’లో వెలుగులు చిమ్మే కంప్యూటర్ సూట్లు, నాలుగోది ‘సోఫీస్ ఛాయిస్’. ‘గాంధీ’లో మాత్రం 1893 నాటి దక్షిణాఫ్రికా రైలు పెట్టె నుంచి 1948 నాటి ఢిల్లీ అంతిమయాత్ర దాకా యాభై అయిదేళ్ల జనం నడిచారు. ఆ అంతిమయాత్ర సన్నివేశానికే 3 లక్షల మందికి పైగా జనం వచ్చారు. ఇంకో విచిత్రం ఏంటంటే, అంత బట్టల ప్రపంచం నడుమ కథానాయకుడు మాత్రం ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ వెళ్తాడు. సూటూ బూటూ పోయి కాఠియావాడీ దుస్తులు వస్తాయి, అవీ పోయి చివరికి కొల్లాయి మిగులుతుంది. ఆ మార్పును చూడటానికి కుట్టుపని తెలిసి ఉండక్కర్లేదు. ఆస్కార్ ఓటరు కంటికి ఆనేది సరిగ్గా అలాంటిదే.

ఎంపిక ఒకరిది, గెలుపు ఇంకొకరిది

ఈ అవార్డును ఊహించాలంటే ముందు ఓటు ఎవరి చేతిలో ఉందో తెలియాలి. అకాడమీలో కాస్ట్యూమ్ డిజైనర్లకు 2013 నుంచి సొంత శాఖ ఉంది. అంతకుముందు ఆర్ట్ డైరెక్టర్ల గొడుగు కిందే ఉండేవాళ్లు. ఐదు నామినేషన్లను ఎంచేది ఈ శాఖవాళ్లే. కోత, కుట్టు, అద్దకం, కొత్త బట్టను పాతగా మార్చే విద్య, అన్నీ తెలిసినవాళ్లు. అందుకే నామినేషన్ల జాబితాలో ఒక్కోసారి ఎవరూ ఊహించని చిన్న సినిమా కనిపిస్తుంది.

తుది ఓటు అలా కాదు. నటులు, ఎడిటర్లు, సౌండ్ ఇంజినీర్లు, రచయితలు, నిర్మాతలు, ఇలా పదివేల మంది దాకా ఉన్న సభ్యులంతా ఓటేయొచ్చు. ఉత్తమ చిత్రానికైతే ఇష్టాల వరస రాయాలి. ఇక్కడ అదేమీ లేదు. ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే వాళ్లదే గెలుపు.

పట్టుచీరల కొట్టులో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకుంటే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. నేత తెలిసినవాడు చీర తిరగేసి, వెనక పోగులు చూస్తాడు. పెళ్లికొచ్చినవాళ్లు మాత్రం పందిరి అవతల్నుంచి జరీ మెరుపు చూస్తారు. నామినేషన్లు తిరగేసి చూసేవాళ్ల తీర్పు. అవార్డు పెళ్లికొచ్చినవాళ్ల తీర్పు.

2025లో అకాడమీ ఒక కొత్త నిబంధన తెచ్చింది. ఏ విభాగంలో ఓటెయ్యాలన్నా ఆ విభాగంలో నామినేటైన సినిమాలన్నీ చూసి తీరాలి. అప్పటిదాకా సినిమా చూడకుండా, పోస్టరు గుర్తుపెట్టుకుని ఓటేసినా అడిగేవాళ్లు లేరు.

పాతికేళ్ల చిట్టా

2000 నుంచి 2024 దాకా విడుదలైన సినిమాల్లో ఈ ఆస్కార్ గెలిచినవి 25. ఆ చిట్టా ముందేసుకుంటే మొదట కనిపించేది, వాటిలో 17 గడిచిపోయిన కాలాల కథలు. ‘గ్లాడియేటర్’ రోమ్, ‘షికాగో’ 1920లు, ‘మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా’ జపాన్, ‘ది ఆర్టిస్ట్’ మూకీల నాటి హాలీవుడ్, ‘లిటిల్ ఉమెన్’ 19వ శతాబ్దపు అమెరికా. మిగిలిన 8 ఊహాలోకాలు: ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చివరి భాగం, ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’, ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’, ‘ఫెంటాస్టిక్ బీస్ట్స్’, రెండు ‘బ్లాక్ పాంథర్’లు, ‘పూర్ థింగ్స్’, ‘వికెడ్’. ఇవాళ వీధిలో నడిచే మనిషి వేసుకునే బట్టలతో గెలిచిన సినిమా ఈ 25లో ఒక్కటీ లేదు.

గాలి ఎటు మళ్లిందో కూడా ఇందులోనే ఉంది. ఆ 8 ఊహాలోకాల్లో 6 సినిమాలు 2015 నుంచి వచ్చినవే. మొదటి పదిహేనేళ్లలో రెండే. రాజుల కాలం పూర్తిగా పోలేదు కానీ, మాయలోకాలు వాటి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాయి.

రెండో సంగతి ఇంకా ఆసక్తికరం. ఉత్తమ చిత్రం గెలిచిన సినిమాకే బట్టల అవార్డూ వస్తుందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అందులో నిజం లేకపోలేదు. ‘గాంధీ’, ‘అమేడియస్’, ‘ది లాస్ట్ ఎంపరర్’, ‘టైటానిక్’ రెండూ పట్టుకెళ్లాయి. ఈ పాతికేళ్లలో ఆ పని చేసినవి నాలుగే: ‘గ్లాడియేటర్’, ‘షికాగో’, ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’, ‘ది ఆర్టిస్ట్’. ‘ది ఆర్టిస్ట్’ 2011 నాటి సినిమా. ఆ తర్వాత 2024 దాకా ఒక్కటీ లేదు. ఉత్తమ చిత్రం ఏదని మీకు కచ్చితంగా తెలిసినా, బట్టల విషయంలో అది మిమ్మల్ని పక్కదారి పట్టించే అవకాశమే ఎక్కువ.

చనిపోయిన రాణుల రాజ్యం

2006 నుంచి 2009 వరకు వరసగా నాలుగేళ్ల ఫలితాలు చూడండి. ‘మారీ ఆంటోనెట్’, ‘ఎలిజబెత్: ది గోల్డెన్ ఏజ్’, ‘ది డచెస్’, ‘ది యంగ్ విక్టోరియా’. ఒక ఫ్రెంచ్ రాణి, ఇద్దరు ఇంగ్లండ్ రాణులు, మధ్యలో ఒక జమీందారిణి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ ఉత్తమ చిత్రం నామినేషన్ కూడా లేదు. బట్టలే వాటిని వేదిక దాకా మోసుకెళ్లాయి.

‘మారీ ఆంటోనెట్’కి దర్శకురాలు సోఫియా కొప్పోలా డిజైనర్ మిలెనా కానొనెరో చేతికి రంగుల పట్టిక ఇవ్వలేదు. పారిస్‌లోని లాదురే మిఠాయి దుకాణం మాకరూన్ల డబ్బా ఇచ్చింది. పిస్తా ఆకుపచ్చ, గులాబీ, నిమ్మపండు పసుపు, లేత నీలం... ఇదీ నా సినిమా రంగు అంది. అందుకే ఆ గౌన్లు చూస్తుంటే నోరూరుతుంది. రాణిగారి చెప్పుల కుప్పలో ఒకచోట కాన్వర్స్ బూట్ల జత కూడా కావాలనే కనిపించి మాయమవుతుంది. ఆ ఏడాదే ‘ది క్వీన్’ కూడా నామినేషన్లలో ఉంది. అందులో రాణి రెండో ఎలిజబెత్, 1997 నాటి కార్డిగన్లు, తలకి కట్టిన రుమాళ్లు. అప్పటికి బతికున్న రాణి మీద చనిపోయిన రాణి గెలిచిందన్నమాట.

దీన్ని అందరికన్నా ముందు నవ్వుతూ ఒప్పుకున్నది గెలిచినవాళ్లే. ‘ది యంగ్ విక్టోరియా’కి మూడో ఆస్కార్ అందుకుంటూ శాండీ పావెల్ తన దగ్గర ఇవి ఇప్పటికే రెండున్నాయంది. ఆ వెంటనే, చచ్చిపోయిన రాజుల కథలకో తళుకుల సంగీత చిత్రాలకో కాకుండా మామూలు సినిమాలకు పనిచేసే డిజైనర్లకు దీన్ని అంకితమిస్తున్నానంది. హాలంతా నవ్వింది. ఓటర్ల అలవాటును ఓటర్ల ముందే, వాళ్లిచ్చిన బొమ్మ పట్టుకుని అంత సూటిగా చెప్పినవాళ్లు అరుదు.

జీన్స్‌కి ఆస్కార్ రాదు

ఫ్యాషన్ పత్రిక ఆఫీసులోనే నడిచే ‘ది డెవిల్ వేర్స్ ప్రాడా’ కూడా 2006లోనే పోటీపడింది. అమ్మాయిలు ఆ సినిమా బట్టల గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. అవార్డు మాత్రం మాకరూన్ గౌన్లకు వెళ్లింది. 14 నామినేషన్లతో వచ్చిన ‘లా లా ల్యాండ్’లో ఎమ్మా స్టోన్ పసుపుపచ్చ గౌను పోస్టరుకే గుర్తుగా నిలిచింది. అదీ ఓడింది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఈ కాలపు బట్ట తెరమీద కనిపిస్తే చూసేవాడు షాపులో కొన్నారనుకుంటాడు. కొన్నదే కావచ్చు. అయితే వందల్లోంచి ఒకటి ఏరి, నటుడి ఒంటికి సరిచేసి, కొత్తదనం పోయేలా ఉతికి, పాత్ర జేబు స్థాయికి తగ్గట్టు మోచేతుల దగ్గర అరగదీసేదాకా డిజైనర్ పని ముగియదు. ఆ పని ఎంత బాగా చేస్తే అంత కనిపించకుండా పోతుంది. కనిపించని పనికి పదివేల మంది ఓటెలా వేస్తారు?

సమకాలీన కథతో ఆస్కార్ కొట్టిన సినిమా కావాలంటే 1994 దాకా వెనక్కి వెళ్లాలి. ఆస్ట్రేలియా ఎడారిలో బస్సేసుకుని తిరిగే ఆడవేషగాళ్ల కథ ‘ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ది డెజర్ట్’. అందులో హవాయి చెప్పులతో కుట్టిన గౌను ఉంది. అంటే అదీ మామూలు బట్టల సినిమా కాదు. దాని డిజైనర్లలో ఒకరైన లిజీ గార్డినర్ వేడుకకి 254 అమెరికన్ ఎక్స్‌ప్రెస్ గోల్డ్ కార్డులు కలిపి చేసిన గౌనుతో వచ్చింది. అన్నీ గడువు తీరిన కార్డులే. అవార్డు కన్నా ఆ గౌనే ఎక్కువమందికి గుర్తుండిపోయింది.

ముందే కూసే కోళ్లు

ఆస్కార్‌కి కొన్ని వారాల ముందు బ్రిటన్‌లో బాఫ్టా అవార్డులు ఇస్తారు. కాస్ట్యూమ్స్ విషయంలో దానంత నమ్మకంగా కూసే కోడి ఇంకోటి లేదు. 2008 నుంచి 2024 దాకా వచ్చిన సినిమాల లెక్క తీస్తే, 17 ఏళ్లలో 14 సార్లు బాఫ్టా ఇచ్చిన సినిమాకే ఆస్కార్ కూడా వచ్చింది. ‘ది డచెస్’ నుంచి ‘మ్యాడ్ మ్యాక్స్’ దాకా వరసగా ఎనిమిదేళ్లు ఒక్కసారీ తప్పలేదు. తప్పినవి మూడే: 2016, 2018, 2022.

రెండో గుర్తు హాలీవుడ్ కాస్ట్యూమ్ డిజైనర్స్ గిల్డ్ అవార్డులు. ఇక్కడో చిక్కుంది. గిల్డ్ సినిమాలను మూడుగా విడదీస్తుంది: నేటి కథలు, గతకాలపు కథలు, సైన్స్ ఫిక్షన్ లేదా ఫాంటసీ. ముగ్గురు విజేతలు. ఆస్కార్‌కి వెళ్లేసరికి ఒకే బండి, ఒకే సీటు. కాబట్టి గిల్డ్ అవార్డు వచ్చిందంటే సగం మాటే చెప్పినట్టు. మూడింట్లో ఏ గది నుంచి వచ్చిందన్నది మిగతా సగం.

మూడో గుర్తు అదే రాత్రి దొరుకుతుంది. ప్రొడక్షన్ డిజైన్, అంటే సెట్ల అవార్డు. ఆ 25 సినిమాల్లో 12 సెట్లకీ బట్టలకీ కలిపి గెలిచాయి: ‘మౌలిన్ రూజ్’, ‘షికాగో’, ‘ది ఏవియేటర్’, ‘ది గ్రేట్ గాట్స్‌బీ’, ‘ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’ అందులోవే. ఓటరు కంటికి గోడా గౌనూ వేర్వేరు కావు. ఒక లోకం నచ్చితే దాని గోడలకీ మనుషులకీ కలిపే ఓటేస్తాడు.

ఇవన్నీ ఉన్నా బోల్తా పడ్డ ఏడాది 2016. బాఫ్టా ‘జాకీ’కి వచ్చింది. జాకెలిన్ కెనెడీ గులాబీ రంగు సూటు కథ అది. గిల్డ్‌లో గతకాలపు విభాగం ‘హిడెన్ ఫిగర్స్’ది. నేటి కథల విభాగం ‘లా లా ల్యాండ్’ది. ఫాంటసీ ‘డాక్టర్ స్ట్రేంజ్’ది. కవరు విప్పితే ‘ఫెంటాస్టిక్ బీస్ట్స్’! మాంత్రికుల కోట్లు, 1920ల న్యూయార్క్ టోపీలు. ముందు గెలిచిన పెద్ద అవార్డేదీ లేకుండానే కొలీన్ ఆట్‌వుడ్ నాలుగో ఆస్కార్ పట్టుకెళ్లింది. హ్యారీ పాటర్ లోకానికి దక్కిన మొదటి ఆస్కార్ కూడా అదే.

దాసీల జీన్స్, రాజమాత కిరీటం

బాఫ్టా తప్పిన మూడేళ్లలో 2018 పోటీని దగ్గరగా చూడాలి. రెండు సినిమాల మధ్యే అసలు పోరు. రెండింటిలోనూ రాణులున్నారు.

మొదటిది ‘ది ఫేవరిట్’. 18వ శతాబ్దపు ఇంగ్లండ్ అంతఃపురం. డిజైనర్ శాండీ పావెల్ రంగుల్ని దాదాపు తీసేసి, నలుపూ తెలుపూ మిగిల్చింది. లేసు అల్లికల బదులు లేజర్‌తో కత్తిరించిన బట్ట వాడింది. వంటింటి దాసీల గౌన్లకు పాత బట్టల దుకాణాల్లో జీన్స్ కొనిపించి, వాటి డెనిమ్ విప్పి కుట్టించింది. తిరగేసి చూసేవాళ్లు నివ్వెరపోయే పని అది. బాఫ్టా వచ్చింది. గిల్డ్‌లో గతకాలపు విభాగమూ వచ్చింది.

రెండోది ‘బ్లాక్ పాంథర్’. వకాండా అనే ఊహాదేశం, ఎవరి పాలనా ఎరగని ఆఫ్రికా. రూత్ ఇ. కార్టర్ అక్కడి తెగల కట్టుబొట్టుల్ని ఒక్కొక్కటిగా తెచ్చుకుంది. లెసోతో కొండల్లో కప్పుకునే దుప్పట్లు సరిహద్దు తెగ వీరులకు కవచాలయ్యాయి. మసాయి పూసల ఎరుపు, న్దెబెలె మెడ కడియాలు రాజరక్షక దళం ఒంటిమీదికొచ్చాయి. జులూ తెగలో పెళ్లయిన ఆడవాళ్లు పెట్టుకునే గుండ్రటి టోపీ రాజమాత రమోండా కిరీటమైంది. ఆ కిరీటాన్ని కుట్టలేదు, 3డీ ప్రింటర్‌లో అచ్చు తీశారు. ముత్తవ్వల టోపీ, రేపటి యంత్రం, రెండూ ఒకే తల మీద.

గెలుపు కార్టర్‌ది. ఈ విభాగంలో ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి డిజైనర్ ఆమె. అంతకుముందు ‘మాల్కమ్ ఎక్స్’కీ, ‘అమిస్టాడ్’కీ నామినేటై ఓడిపోయింది. ఆ రాత్రి సెట్ల అవార్డు కూడా ‘బ్లాక్ పాంథర్’కే వచ్చింది. పావెల్ అదే ఏడాది ‘మేరీ పాపిన్స్ రిటర్న్స్’కీ పోటీలో ఉండటంతో ఆమె ఓట్లు చీలాయన్నవాళ్లున్నారు. ఆ వాదన నిలవదు. 1998 సినిమాలకూ ఆమెకి రెండు నామినేషన్లు వచ్చాయి, ‘షేక్స్‌పియర్ ఇన్ లవ్’తో గెలిచింది కూడా. అసలు సంగతి, డెనిమ్‌ని గుర్తుపట్టాలంటే తెరకు దగ్గరగా వెళ్లాలి. కిరీటం వెనక వరసలోంచి కూడా కనిపిస్తుంది.

బుట్టచేతుల గెలుపు

2023లో అందరి నోటా ఉన్న పేరు ‘బార్బీ’. ఆ ఏడాది ప్రపంచంలో ఎక్కువ వసూళ్లు తెచ్చిన సినిమా. గులాబీ రంగు బట్టలేసుకుని జనం థియేటర్లకు వెళ్లారు. డిజైనర్ జాక్వెలిన్ డరన్‌కి అప్పటికే రెండు ఆస్కార్లున్నాయి. ఎదురుగా ‘పూర్ థింగ్స్’, తొలి నామినేషన్‌తో హాలీ వాడింగ్టన్.

2024 మార్చి 10న ఆ అవార్డు ఇవ్వడానికి మల్లయోధుడు, నటుడు జాన్ సీనా వేదిక మీదికి వచ్చిన తీరు మరిచిపోలేం. ఒంటిమీద నూలుపోగు కనిపించలేదు, ముందు పట్టుకున్న పెద్ద కవరు తప్ప. బట్టల అవార్డు బట్టల్లేనివాడి చేతులమీదుగా! కవరులో ఉన్న పేరు ‘పూర్ థింగ్స్’. అందులో కథానాయిక బెల్లా వేసుకున్నది మన అమ్మమ్మల నాటి బుట్టచేతుల జాకెట్టును పదింతలు ఊదినట్టుండే చేతులు. విక్టోరియా కాలమే, కానీ ఒంటిని బిగించే కోర్సెట్ లేదు. పసిపిల్ల మనసున్న ఆడమనిషి తనంతట తాను బట్టలేసుకుంటే ఎలా ఉంటుందో అలా, పైన ఆర్భాటం, కింద సగం వేషం. గతకాలం, ఊహాలోకం, రెండు అచ్చొచ్చిన గుర్తులూ ఒకే గౌనులో. పైగా బాఫ్టా ముందే వచ్చింది. లెక్క చూసినవాళ్లకి ‘బార్బీ’ ఓటమి ఆశ్చర్యమనిపించలేదు.

నాటు నాటు రాత్రి

2023 మార్చి 12 తెలుగువాళ్లకు ‘నాటు నాటు’ రాత్రి. ఆ పాట ఓడించిన వాటిలో ‘బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్’ కోసం రిహానా పాడిన పాట ఉంది. ఐదు నామినేషన్లతో వచ్చిన ఆ సినిమాకి చివరికి దక్కింది ఒక్కటే, కాస్ట్యూమ్స్. బాఫ్టా, గిల్డ్ గతకాలపు విభాగం రెండూ ‘ఎల్విస్’కి వెళ్లాయి కాబట్టి ఆ రాత్రి చాలామంది జోస్యాలు తల్లకిందులయ్యాయి. రెండు ఆస్కార్లు గెలిచిన తొలి నల్లజాతి మహిళగా రూత్ కార్టర్ పేరు నిలిచింది. ‘ఎల్విస్’ ఎనిమిది నామినేషన్లతో వచ్చి వట్టి చేతులతో వెళ్లింది.

‘ఆర్ఆర్ఆర్’కి బట్టలు రమా రాజమౌళి సిద్ధం చేశారు. ఆ సినిమాకి కాస్ట్యూమ్స్ నామినేషన్ రాలేదు గానీ, కీవ్‌లోని మరీన్స్కీ ప్యాలెస్ ముందు తీసిన ‘నాటు నాటు’ పాటలో బట్టల పని చిన్నదేమీ కాదు. హీరోలిద్దరూ సస్పెండర్లు పట్టుకుని లాగుతూ వేసే స్టెప్పే కదా ప్రపంచమంతా అనుకరించింది! ఆ రెండు పట్టీలు తీసేస్తే ఆ స్టెప్పే లేదు. కాస్ట్యూమ్ ఎంత కథలో కలిసిపోతే అంత విడిగా కనిపించదనడానికి ఇది మన ఇంట్లో ఉదాహరణ.

మన దగ్గర ఈ ఆట కుదరదు

తెలుగు సినిమాకి ఈ పని కొత్తేమీ కాదు. ‘కాస్ట్యూమ్స్’ కృష్ణ శాఖ పేరునే ఇంటిపేరులా మోసి, నటుడిగా, నిర్మాతగా ఎదిగి, 2023 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. జాతీయ అవార్డుల్లో కాస్ట్యూమ్ డిజైన్ విభాగం 1984 సినిమాలతో మొదలైంది. భాను అతయ్యా ‘లేకిన్’, ‘లగాన్’ చిత్రాలకు దాన్ని అందుకున్నారు. 2018 సినిమాలకు ఇచ్చిన 66వ జాతీయ అవార్డుల్లో అది ‘మహానటి’కి వచ్చింది. ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు ముగ్గురూ పంచుకున్నారు. సావిత్రి చీర కట్టు, జాకెట్టు చేతుల పొడవు, బొట్టు సైజు తెలుగువాళ్లకి కంఠతా వచ్చు. ఒక్క మడత తప్పినా పట్టేసే ప్రేక్షకుల ముందు చేసిన పని అది.

అయితే జాతీయ అవార్డుల్ని ముందే ఊహించే సరదా మనకు లేదు. నామినేషన్ల జాబితా ఉండదు. కొద్దిమంది జ్యూరీ కూర్చుని సినిమాలు చూసి, నేరుగా విజేతను ప్రకటిస్తుంది. అంత కొద్దిమంది మనసును గణాంకాలతో పట్టుకోలేం. పదివేల మందిదైతే పట్టుకోవచ్చు.

అలాగని ఆస్కార్ తీర్పే గొప్పదని కాదు. 1949లో తొలిసారి ఈ అవార్డు ఇచ్చినప్పుడు నలుపు తెలుపు సినిమాలకి ఒకటి, రంగుల సినిమాలకి ఒకటి ఇచ్చారు. రంగుకే ఓట్లు పోకుండా నలుపు తెలుపు పనితనానికీ చోటుండేది. 1967 సినిమాల నుంచి అంతా ఒకటే. ఎనిమిది ఆస్కార్లు, 35 నామినేషన్లతో ఈ విభాగంలో ఎవరూ అందుకోలేని ఎత్తున ఉన్న ఎడిత్ హెడ్ గెలుపుల్లో ఎక్కువభాగం ఆ రెండు అవార్డుల కాలంలోనివే.

మీ చేతికి ఐదు పేర్లొస్తే

వచ్చే నామినేషన్ల జాబితా చేతికి రాగానే చేయాల్సింది ఇది. ముందు ఈ కాలపు కథల్ని పక్కన పెట్టండి, ఎంత నచ్చినా సరే. ఉత్తమ చిత్రం ఏదన్న సంగతి మరిచిపోండి. మిగిలినవాటిలో సెట్ల విభాగంలో కూడా నామినేటైనవి ఏవో గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆ సినిమాలు చూడని ఇంట్లోవాళ్లకి ఐదింటి ఫొటోలూ చూపించండి. కాసేపయ్యాక ఏది గుర్తుందని అడగండి. ఆఖరున బాఫ్టా ఫలితం వచ్చేదాకా ఓపిక పట్టండి.

2024 సినిమాల మీద ఇదే ప్రయోగం చేద్దాం. ఐదు పేర్లు: బాబ్ డిలన్ కథ ‘ఎ కంప్లీట్ అన్‌నోన్’, కార్డినల్స్ ఎర్రటి అంగీల ‘కాన్‌క్లేవ్’, ‘గ్లాడియేటర్ 2’, రక్తపిశాచి కథ ‘నోస్ఫెరాటు’, ‘వికెడ్’. ‘కాన్‌క్లేవ్’ నేటి కథ, పక్కన పెట్టాలి. డిలన్ కోట్లు బాగున్నా అరవైల నాటి మామూలు కుర్రాడి కోట్లే. మిగిలిన మూడింటిలో ఫొటో చూసి ఎవరైనా చెప్పగలిగేది ఒకటే. గులాబీ బుడగ లాంటి గౌనులో ఒకమ్మాయి, పక్కన పుట్టగొడుగు అడుగు మడతల్లాంటి నల్లటి గౌనులో పచ్చటి ఒంటి అమ్మాయి. బాఫ్టా ‘వికెడ్’కి వచ్చింది, గిల్డ్ ఫాంటసీ విభాగం వచ్చింది, ఆస్కార్ రాత్రి సెట్ల అవార్డూ వచ్చింది. పాల్ టేజ్‌వెల్ ఈ విభాగంలో గెలిచిన తొలి నల్లజాతి పురుషుడయ్యాడు. ఏ గుర్తూ తప్పలేదు.

ధైర్యం చేసి మీరూ ఒక పేరు కాగితం మీద రాసిపెట్టుకోండి. పందెం మాత్రం ఓ ఫిల్టర్ కాఫీకి మించి కాయొద్దు. అంత నమ్మకమైన బాఫ్టా కోడే పదిహేడేళ్లలో మూడుసార్లు తప్పు కూసింది.